బియ్యం డబ్బాలో అరటిపండ్లు

ఒక విషయం ముందే ఒప్పేసుకుంటున్నా. ఈ కథలో తప్పు కోడలు దోర్కాదే. అయినా నేను దోర్కా పక్షమే. అలాంటి తప్పు మా ఇంట్లో నేనూ చేశాను మరి.

ఉప్పల్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చినా అదే పని. అత్త సాలమ్మకి షుగర్ అని తెలిసినప్పటి నుంచి ఆమె తినే ప్రతి ముద్దా ఫోన్లోని డైట్ యాప్‌లో ఎక్కాల్సిందే. అరటిపండుకైతే తినొద్దని ఎర్ర గుర్తే. నాచారంలో ఇంటి వెనక సాలమ్మ బియ్యం కడిగిన నీళ్లు పోసి పెంచిన అరటిచెట్లు మూడున్నా, పండ్లన్నీ పక్కింటివాళ్లకే.

రోజూ అన్నం వండేది సాలమ్మే. ఆ ఉదయం తనే బియ్యం తీస్తుంటే డబ్బాలో దోర్కా చేతికి ఏదో మెత్తగా తగిలింది. మాగబెట్టిన అరటిపండ్లు, నాలుగు.

“అత్తమ్మా, ఇదేంది?”

“పండ్లు బిడ్డా.”

“ఎన్ని రోజులసంది తింటున్నవ్?”

“వానలు మొదలైనకాడికెల్లి. రోజుకొక్కటే.”

“మూడు నెలలా! నాకు చెప్పొద్దా?”

“చెప్తే నీ ఫోన్ ఏడుస్తది గదా!”

దోర్కాకి నవ్వు రాబోయింది కానీ కోపమే గెలిచింది. “ఇయ్యాల్నే చెట్లు కొట్టిపిస్త. నీకేమన్నా అయితే నీ కొడుక్కు ఏం జవాబు చెప్పాలె నేను?”

సాలమ్మ మొహం వాడిపోయింది. పెద్ద గెలను కోతపండుగకు చర్చిలో కానుకగా పెడతానని మొక్కుకుంది ఆమె. “జర ఆగు. ఇయ్యాల రిపోర్ట్ ఇస్తరు గదా. షుగర్ పెరిగితే కొట్టిపియ్యి. నోరెత్తను.”

దవాఖానాలో డాక్టరమ్మ రిపోర్ట్ రెండుసార్లు చూసింది. “మూడు నెలల సగటు షుగర్ బాగా తగ్గింది. ఏం చేశారు?”

దోర్కా నోరు తెరిచేలోపే సాలమ్మ అందుకుంది. “రోజు ఒక చిన్న అరటిపండు తిన్న మేడం. దానికి బదులు రెండు పిడికిళ్ల అన్నం తగ్గించిన. కోడలిచ్చిన డైట్ బిస్కెట్లు గల్లీ కుక్కకు ఏసిన.”

డాక్టరమ్మ పకపకా నవ్వింది. “ఆ బిస్కెట్లలో ఉండేది మైదానే, మానడమే మంచిదైంది. మీ కిడ్నీలు బాగున్నాయి. దోరగా ఉన్న చిన్న పండు, అన్నం తగ్గించి తినొచ్చు. పీచూ పొటాషియమూ అందుతాయి.”

ఈ మధ్య నెలనెలా బియ్యం ఎందుకు మిగులుతున్నాయో దోర్కాకి అప్పుడు వెలిగింది. అన్నీ ఫోన్లో ఎక్కించింది, అత్త కంచంలోకి మాత్రం చూడలేదు.

కోతపండుగ ఆదివారం ఆ పెద్ద గెల దోర్కా స్కూటీ ముందు, సాలమ్మ వెనక. గెలను చర్చిలో పెట్టగానే చప్పట్లు మోగాయి. సాలమ్మ కొంగులోంచి ఓ పండు తీసి, విరిచి, సగం కోడలి చేతిలో పెట్టింది.

“తిను బిడ్డా. ఫోన్ల గూడ ఎక్కించు.”

దోర్కా కళ్లు తుడుచుకుంటూ ఎక్కించింది. ఎర్ర గుర్తు తీసేసి పచ్చది పెట్టింది.

మీ ఇంట్లో బియ్యం డబ్బాలో ఎవరేం దాచారు? కామెంట్లలో రాయండి. మీ అత్తగారికి నేను చెప్పనులే.