దుర్గాబాయి దాచుకున్న ఫిలిం ముక్క

సిద్దయ్య మేడ్చల్‌లో ఒక టాకీసుకు ముప్పై ఏళ్లు ఆపరేటర్. అది మూతపడ్డప్పుడు పాత సినిమా మిషనూ, అప్పట్లో ఎవరికీ పట్టని ఒక ప్రేమకథ చివరి రీలూ అత్వెల్లిలోని ఇంటికి తెచ్చుకున్నాడు. హీరోయిన్ గడప ముందు నిలబడి ఎదురుచూస్తుండగానే రీలు అయిపోతుంది. ఆ తర్వాతి బారెడు ముక్కను అతనే కోసి, తమ పెళ్లికి ముందు దుర్గాబాయికి కానుకగా ఇచ్చాడు.

"ఇంకో కాపీ ఎక్కడా లేదు తాతా. పాత రీళ్లు దాచెటోళ్లు దీని ముగింపు కోసం పిచ్చోళ్లయి తిరుగుతున్నరు," అన్నాడు సూరారం నుంచి వచ్చిన ఎల్లేష్. అతనూ ఆ పిచ్చోళ్లలో ఒకడే.

దుర్గాబాయి ముక్క దాచిన డబ్బాను గట్టిగా పట్టుకుంది. "ఇచ్చినదాన్ని వాపసు తీస్కుంటరా ఏందయ్యా?"

"ఒక్కసారి సూసి మల్ల ఇస్తనే!" అన్నాడు సిద్దయ్య.

ఆమె గొణుక్కుంటూ పక్కగదిలో చిక్కుడుకాయలు తుంచడానికి కూర్చుంది. సిద్దయ్య ముక్కను రీలు కొసకు అతికించాడు. టాకీసులో అబ్బిన అలవాటు కొద్దీ చెప్పులు గడప బయట, ఆమె చెప్పుల పక్కన విడిచాడు. కిటికీలు మూశాడు. మిట్టమధ్యాహ్నమే చీకటైంది. వేడెక్కిన దుమ్ము వాసన.

గోడ మీద హీరోయిన్. అతుకు దాటింది. తలుపు తెరుచుకుంది. ఆమె లోపలికి వెళ్లింది.

నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా అయిపోవాలి.

అవలేదు...

పక్కగదిలో కాయలు తుంచే చప్పుడు ఆగింది.

బొమ్మలో గడప దగ్గరికి ఇంకెవరో వచ్చారు. వంగిన నడుము. చెప్పులు విప్పుతోంది.

"గీ అవ్వ ఎవరు తాతా?" ఎల్లేష్ గుసగుసలాడాడు.

సిద్దయ్య చెయ్యి స్విచ్ మీదే ఉంది. మిషను ఆపితే, దీపం వేడికి బొమ్మ అక్కడికక్కడే కాలిపోతుంది. దీపం ఆర్పితే, ఆమె ఆ చీకట్లోనే...

"దుర్గా... రావే... ఇటు రా..."

ఆమె తిరిగి చూసింది. లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. రీలు కొస టప్ టప్‌మని కొట్టుకుంది.

పక్కగదిలో సగం తుంచిన కాయలు. పీట ఇంకా వెచ్చగానే ఉంది.

సిద్దయ్య కిటికీ తెరిచి, ఫిలిం కొసను వెలుగులో పట్టి చూశాడు. మూసిన తలుపు. దాని ముందు, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన ఆమె చెప్పులు.

వాటి పక్కన ఇంకో జత.

సిద్దయ్య గడప వైపు చూశాడు. గడప బయట ఏ చెప్పులూ లేవు.