ఎందుకొద్దో చెప్పత్తా!

మధ్యాహ్నమైంది. మాచర్ల సంత సగం ఖాళీ అయిపోయింది. తిరుపతయ్య తెచ్చిన ఆరు తిరగళ్లలో ఒక్కటి కూడా అమ్ముడుపోలేదు.

తిరగలి అంటే ఒకదాని మీద ఒకటి రెండు గుండ్రటి రాళ్లు. పైరాయికి కర్ర పిడి ఉంటుంది. దాన్ని పట్టుకుని తిప్పుతూ కన్నంలో జొన్నలు పోస్తే పిండి చుట్టూ రాలుతుంది. అలా తిప్పడాన్నే విసరడం అంటారు. ఆ రోజుల్లో పల్నాడులో తిరగలి లేని ఇల్లు లేదు. మరి తన తండ్రి తిరుపతయ్య చేసిన తిరగళ్లు ఎందుకు పోవడం లేదు? వెంకమ్మ కడుపు మంట అదే.

వెంకమ్మకు పదకొండేళ్లు. బోర్డు స్కూల్లో ఐదో క్లాసు చదువుతోంది. పాఠం ఒక్కసారి వింటే చాలు, అప్పజెప్పేస్తుంది. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది.

రైలు కట్ట అవతల ఉండే రాఘవమ్మ వచ్చింది. వంగి ఒక తిరగలిని చేత్తో తడిమింది. వేలికి అంటిన తెల్లటి రాతిపొడిని చూసుకుంది.

"ఒద్దులే తిరపతయ్యా," అని లేచింది.

లేచి ఎక్కడికి వెళ్లింది? ఎదురుగా పాత సామాన్లు అమ్మే పీర్ సాహెబ్ దగ్గరికి! అక్కడ సొట్ట బిందెల పక్కన నల్లటి పాత తిరగలి ఒకటి ఉంది. అంచు కాస్త విరిగింది కూడా. రాఘవమ్మ బేరమాడి దాన్నే కొనేసింది.

వెంకమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఏందత్తా, నీకు కళ్లు కనపడట్లేదా? మా నాయన చేసిన రాయి ఒదిలేసి ఆ విరిగిపోయిన రాయి కొన్నావు! నీకసలు రాళ్ల గురించి ఏం తెలుసు?"

రాఘవమ్మ ముఖం చిన్నబోయింది. "పెద్దంతరం చిన్నంతరం లేని పిల్ల!" అని విసురుగా వెళ్లిపోయింది. తిరగళ్లు చూద్దామని ఇటే వస్తున్న మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఆ కేకలు విని పక్కకు తిరిగిపోయారు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరకే అన్లేదే," అంది తల్లి పోలేరమ్మ. తండ్రి వెళ్లిపోతున్న ఆ ఇద్దరి వైపూ చూశాడు. తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన తిట్టి ఉంటే వెంకమ్మకు ఇంత బాధ ఉండేది కాదు.

అప్పుడే మేస్త్రి పుల్లారావు వచ్చాడు. రైలు పట్టాల కింద పోసే కంకర కొట్టడానికి ఆయన మనుషుల్ని తీసుకెళ్తుంటాడు.

"ఏం తిరపతయ్యా, ఎన్నాళ్లు ఈ తిరగళ్లు పట్టుకుని కూకుంటావు? దొనకొండ అవతల కంకర పని పడింది. ముగ్గురూ వచ్చెయ్యండి. పిల్ల కూడా తట్ట మోసుద్ది."

"మరి నా స్కూలో?" అంది వెంకమ్మ.

మేస్త్రి పకపకా నవ్వాడు. "కంకర కుప్పల కాడ స్కూలేందే!"

తిరుపతయ్య కూతురి వైపు చూడలేదు. "ఇంకో రెండు సంతలు చూస్తా పుల్లారావూ. అప్పటికీ పోకపోతే వస్తా," అన్నాడు.

రెండు సంతలు! ఆ తర్వాత చదువు లేదు. "నేను రాను. తట్ట మొయ్యను. మన రాళ్లు ఎట్టా పోవో చూస్తా," అని వెంకమ్మ ఇంటికి వెళ్లేదాకా గొణుగుతూనే ఉంది.

"మన రాళ్లకి అందం లేదు నాయనా," అని ఆ రోజే తేల్చేసింది. "పక్కన చిలకల్ని చెక్కు. ఎవరు కొనరో చూద్దాం."

తిరుపతయ్యకు కూడా ఆ మాట బాగానే ఉందనిపించింది. వారమంతా కూర్చుని ఆరు తిరగళ్ల మీదా చిలకల్ని చెక్కాడు. ముక్కులు, రెక్కలు, మెడ చుట్టూ గీతలు, అన్నీ ముచ్చటగా కుదిరాయి.

మరుసటి సంతలో జనం మూగారు. "అబ్బ, చిలకలు చానా బాగున్నాయి!" అన్నారు. పిల్లలు తిరగళ్ల మీదెక్కి కూర్చున్నారు. ఆడవాళ్లు చిలకల్ని నిమిరారు, మెచ్చుకున్నారు, వెళ్లిపోయారు. ఎదురుగా పీర్ సాహెబ్ మాత్రం రెండు పాత తిరగళ్లు అమ్మేశాడు.

వెంకమ్మ చరచరా ఆయన దగ్గరికి నడిచింది.

"తాతా, నిజం చెప్పు. ఏం మాయమాటలు చెప్పి అమ్ముతున్నావు?"

పీర్ సాహెబ్ తెల్లటి గడ్డం కదిలేలా నవ్వాడు. "నేనేం చెబుతానమ్మా? నాకు మాట్లాడే ఓపికేది? ఎందుకు కొంటున్నారో కొన్నోళ్లనే అడగరాదూ?"

"వాళ్లకి రాళ్ల గురించి ఏం తెలుసు?"

"రాళ్ల గురించి నీకు తెలుసు. తిండి గురించి వాళ్లకి తెలుసు. పోయి అడుగు."

అడగాలంటే రాఘవమ్మనే అడగాలి. నలుగురి ముందూ తాను కేకలేసిన మనిషినే! తప్పు చేశానని వెంకమ్మకు తెలుసు. ఆ తప్పు వెళ్లి ఒప్పుకోవాలంటేనే సిగ్గుగా ఉంది. కానీ కంకర తట్ట గుర్తొచ్చింది. పళ్లు బిగించి రైలు కట్ట దాటింది.

రాఘవమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. వెంకమ్మను చూసి చాట ఆపింది.

"ఆ రోజు తప్పు మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది," అంది వెంకమ్మ గడగడా. "కానీ ఆ పాత రాయి ఎందుకు కొన్నావో నాకు ఇప్పటికీ అర్థం కాలా. చెప్తే గానీ ఇక్కడ్నించి కదలను."

రాఘవమ్మకు నవ్వాగలేదు. "తప్పయ్యిందని చెప్పటం కూడా పోట్లాట మాదిరే చెప్తావేందే! కూకో."

వెంకమ్మ కూర్చుంది.

"నిరుడు మీ నాయన కాడే కొత్త తిరగలి కొన్నా. నెల రోజులు రొట్టెల్లో ఒకటే ఇసక. నమిలితే కరకర! మా మామకి ఉన్నయ్యే రెండు పళ్లు. అందులో ఒకటి ఊడింది."

వెంకమ్మకు నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది.

"ఆ ఇసక పోవాలంటే గింజలు పోసి విసిరి, ఆ పిండి పారబొయ్యాల. ఒకసారి కాదు, రెండు కుంచాల గింజలు పోవాల. ఈ యుద్ధం రోజుల్లో గింజ దొరకటమే గగనంగా ఉంటే పారబోసేదానికి ఎక్కడ తెచ్చేది? ఇప్పుడు మా అమ్మాయి వేరు కాపురం పెట్టింది. దానికా బాధ ఎందుకని పాతది కొన్నా. పాత రాయి ఇసకంతా ఎప్పుడో కక్కేసి ఉంటది."

తన తండ్రి తిరగలి తెల్లగా ఉందని వెంకమ్మ ఇన్నాళ్లూ మురిసిపోయింది. ఆ తెలుపే వీళ్ల రొట్టెల్లో ఇసక అవుతోందని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

ఇంటికి పరుగెత్తి వచ్చి తండ్రికి అంతా చెప్పింది. "మనమే ముందుగా విసిరి, ఇసక పోగొట్టి అమ్ముదాం నాయనా."

తిరుపతయ్య చేతిలో ఉలి ఆగిపోయింది.

"చాల్లే! మనం విసిరితే ఎంగిలి రాయి అవుద్ది. మా తాత నాటి నుంచి మన చేతి మీదుగా పోయే రాయి తెల్లగానే పోయింది. కొన్నోళ్లు పసుపు కుంకం పెట్టి తొలి గుప్పెడు పోసుకోవాల. ఆ తొలి గుప్పెడు వాళ్ల ఇంటిది. మనం ముట్టుకోగూడదు."

"ఊక ఎవరన్నా తింటారా నాయనా?"

"ఊక తినేదేందే, పిచ్చిదానా?"

"తిననిదానికి ఎంగిలేంది? నేను ఊక పోసి విసురుతా. తొలి గుప్పెడు గింజలు కొన్నోళ్లయ్యేగా!"

తిరుపతయ్య ఉలి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "మాటకి మాట అప్పజెప్పటం బాగా నేర్చావు. నువ్వే పడు. నేను మాత్రం చెయ్యి వెయ్యను," అని అటు తిరిగి కూర్చున్నాడు.

"ఒద్దులే. నేనే పడతా!" అంది వెంకమ్మ.

వడ్ల మిల్లు వెనక ఊక కుప్పలుగా పడి ఉంటుంది. ఎవరూ అడగరు. గోనెసంచి నిండా ఎత్తుకొచ్చి వెంకమ్మ తిరగలి ముందు కూర్చుంది. పిడి పట్టుకుని తిప్పబోతే రాయి కదల్లేదు. అంత పెద్ద తిరగలిని ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని విసరాలి. పోలేరమ్మ మొగుడి వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసింది. చీర కొంగు నడుముకు దోపి వచ్చి కూతురికి ఎదురుగా కూర్చుంది.

మొదట వచ్చిన పొడి వెంకమ్మ నాలుక మీద వేసుకుంది. కరకర! థూ అని ఊసింది. రాళ్లు కడిగి, ఆరబెట్టి, మళ్లీ ఊక పోసింది. మళ్లీ కరకర. స్కూలుకు వెళ్లేముందు విసిరింది, వచ్చాక విసిరింది. అరచేతులు బొబ్బలెక్కి బలపం పట్టుకోవడమే కష్టమైంది. అయినా మానలేదు. శనివారానికి నాలుగు తిరగళ్లు మెత్తటి పొడి ఇచ్చాయి.

ఆ సాయంత్రం ఎవరూ చూడడం లేదనుకుని తిరుపతయ్య నాలుగో తిరగలి పక్కనుంచి చిటికెడు పొడి తీసి నోట్లో వేసుకున్నాడు. నాలుకతో తిప్పి చూశాడు, కరకర లేదు. తర్వాత ఐదో తిరగలి దగ్గర కూర్చుని, "ఆ ఊక ఇట్టా తే," అన్నాడు. ముగ్గురూ వంతులేసుకుని విసిరితే తెల్లారేలోగా ఆరూ పూర్తయ్యాయి.

మూడో సంత వచ్చింది. తిరగళ్లు ఇప్పుడు తెల్లగా లేవు, బూడిదరంగులో ఉన్నాయి. పక్కన కుండలమ్మే మనిషి ఎగతాళి చేశాడు. "ఏం తిరపతయ్యా, నువ్వు కూడా పాత సామాన్ల బేరంలో దిగావా?"

"పాత సామాన్లు కాదు మామా, ఇసక రాని సామాన్లు! నీ కుండలు కారకపోతే చాల్లే!" అంది వెంకమ్మ.

రాఘవమ్మ వచ్చింది. ఒట్టి చేతులతో రాలేదు. కొంగులో జొన్నలు మూటగట్టుకుని వచ్చింది. అంతా చూస్తుండగా గుప్పెడు పోసి వెంకమ్మతో కలిసి విసిరింది. పిండి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుంది.

"ఒసే అమ్మలూ, ఇసక లేదే!" అని అరిచింది రాఘవమ్మ.

ఆ కేకకు ఆడవాళ్లు తోసుకుంటూ వచ్చారు. ఎవరి గింజలు వాళ్లు విసిరి చూసుకున్నారు. మధ్యాహ్నానికి ఐదు తిరగళ్లు వెళ్లిపోయాయి. ఒక్కటి మిగిలింది.

అప్పుడు మేస్త్రి పుల్లారావు కాగితం, పెన్సిలు పట్టుకుని వచ్చాడు.

"బాగానే అమ్మావు. కానీ తిరపతయ్యా, తిరగలంటే ఒకసారి కొంటే పదేళ్లు కొననక్కర్లేదు. కావల్సినోళ్లు ఇయ్యాల కొనేశారు. వచ్చే వారం ఎవరు కొంటారు? పేర్లు రాసుకోమంటావా?"

ఆ మాట నిజమే. తిరుపతయ్య ముఖంలో సంతోషం తగ్గిపోయింది. సరిగ్గా అదే సమయానికి మరియమ్మ అనే ఆమె మిగిలిన తిరగలి ముందు కూర్చుంది. వెంకమ్మ ఎదురు కూర్చుంటే గింజలు విసిరి చూసింది, పిండి నోట్లో వేసుకుంది, తల ఊపింది. అయినా లేచింది.

"ఒద్దులే అన్నా."

"చూశావా!" అన్నాడు మేస్త్రి.

వెంకమ్మకు ఒళ్లు మండిపోయింది. చేతులు బొబ్బలెక్కేలా విసిరితే, ఇసక లేకపోతే, ఇంకేం కావాలి ఈమెకు? 'నీకేం తెలుసు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి మరియమ్మ వెనక పరుగెత్తి ఆమెకు అడ్డంగా నిలబడింది.

"ఎందుకొద్దో చెప్పత్తా! కొనమని అడగను. ఎందుకొద్దో చెప్పు, వింటా."

మరియమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"రాయి బంగారం మాదిరి ఉందమ్మా. కానీ అది ఇద్దరు విసిరే రాయి. మా ఆయన పటాలంలో చేరి యుద్ధానికి పోయి రెండేళ్లయ్యింది. మా అత్త పోయిన ఏడు చచ్చిపోయింది. నా ఎదురు కూకునేదెవరు? నేనొక్కదాన్నే తిప్పలేక పొరుగింటోళ్ల కాళ్లా వేళ్లా పడుతున్నా. మా వాడలో నా మాదిరోళ్లం పదిమందిమి ఉన్నాం."

వెంకమ్మ గబుక్కున వెనక్కి తిరిగింది. "నాయనా! ఇన్నావా?"

తిరుపతయ్య విన్నాడు. అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఒక్క మనిషి తిప్పే తిరగలి," అన్నాడు మెల్లగా. "మా తాత కూడా చెయ్యలా అట్టాంటిది." రెండు చేతులూ గాల్లో గుండ్రంగా పెట్టి చూసుకున్నాడు. కాస్త తగ్గించాడు. ఇంకాస్త తగ్గించాడు.

"పేర్లు చెప్పవయ్యా, పొద్దుపోతంది," అన్నాడు మేస్త్రి.

"మా పేర్లు రాయబాకు పుల్లారావూ. నాకు పనుంది," అన్నాడు తిరుపతయ్య. చుట్ట తీసి వెలిగించుకుని, అక్కడే నేల మీద పుల్లతో సున్నా గీయడం మొదలుపెట్టాడు.

వెంకమ్మ వచ్చి ఆ పుల్ల లాక్కుంది.

"నువ్వే గీసుకుంటే ఎట్టా? రేపు స్కూలు ఒదిలినాక నేను మరియమ్మత్త వాడకి పోతా. పదిమందినీ అడిగొస్తా, ఎంత బరువు తిప్పగలరో, ఎట్టా కూకుని విసురుతారో. అప్పటిదాకా ఉలి ముట్టుకోబాకు నాయనా!"