తివాచీ కింద మంచు

వాండా పియెట్రాస్ ఆఫీసులోకి వచ్చేసరికి ఆమె కోటు గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టి ఉన్నాయి. డెబ్బై రెండేళ్ల మనిషి, స్టేడియం నుంచి నాలుగు వీధులు మంచులో పడి నడిచి వచ్చింది.

"పుస్తకం పోయిందమ్మా," అంది కూర్చోకుండానే. "బీకన్స్ పుస్తకం."

డిటెక్టివ్ ఆగ్నెస్ వర్గా కుర్చీ చూపించింది. సహాయకుడు డ్వేన్ కాఫీ పోశాడు. ఈరీ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి బీకన్స్ ఎవరో ఒకరు చెప్పక్కర్లేదు. హాకీ ఆడే మంచుగడ్డ మీద పచ్చ తివాచీ ముక్కలు పరిచి, చుట్టూ చెక్క గోడల మధ్య ఆరుగురేసి ఫుట్‌బాల్ ఆడిన జట్టు అది. రెండే రెండు సీజన్లు మురిపించి, 1986 వసంతంలో మూతపడింది. తర్వాత లీగూ పోయింది, ఆఫీసు కాగితాలు చెత్తబండి ఎక్కాయి. చరిత్ర అంటూ మిగిలిందల్లా అభిమానుల సంఘం కార్యదర్శి వాండా తన చేత్తో రాసుకున్న ఆ ఒక్క పుస్తకమే.

"ఇరవయ్యేళ్లకి ఇవాళ అందరం స్టేడియంలో కలిశాం," అంది వాండా. "సోమవారం మ్యూజియం వాళ్లు పుస్తకం తీసుకెళ్లి, అందరూ చదువుకునేలా అద్దాల పెట్టెలో పెడతామన్నారు. కేకు కొయ్యడానికి పక్క గదిలోకి వెళ్లొచ్చేసరికి బల్ల ఖాళీ. మా ఆయన పోయాడు, పిల్లల్లేరు. రోజూ దాన్ని ముందేసుకునే అన్నం తింటాను. అది కూడా లేకపోతే ఇంట్లో నాకెవరున్నారమ్మా?"

డ్వేన్ కిటికీ వైపు తిరిగాడు. విడాకులయ్యాక అతను టీవీతో మాట్లాడుకుంటున్నాడు. ఆ సంగతి ఆగ్నెస్‌కి కూడా చెప్పలేదు.

వాండాతో వాళ్లిద్దరూ వెళ్లేసరికి స్టేడియం గుమ్మంలోనే కాపలాదారు కూర్చుని ఉన్నాడు. వాండా తప్ప ఎవరూ గడప దాటి బయటికి పోలేదన్నాడు. ఆ పుస్తకమా, కోటు కింద దాగేంత చిన్నది కాదు. గదిలో ఖాళీ బల్ల, గోడకి పాత ఫోటోలు, మూలన నిలబెట్టిన తివాచీ చుట్ట ఉన్నాయి.

"పొద్దున అది బల్ల ముందు పరిచి ఉంది," అంది వాండా. "అప్పటి ముక్కే. ఎవరో చుట్టేశారు."

"ఊడ్చేవాళ్లయి ఉంటారు," అన్నాడు డ్వేన్.

ఆగ్నెస్ దగ్గరికెళ్లి వంగింది. చుట్ట అంచు మీద వేలు పోనిచ్చింది. ఎక్కడా పొర ముందుకీ వెనక్కీ జరగలేదు.

కేకు కోస్తున్నప్పుడు పక్క గదిలో లేనివాళ్లు ముగ్గురే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడు ఆ ముగ్గురిలో ఒక్కడూ లేడు. ఆగ్నెస్ ఒక్కొక్కరినీ పిలిచి, పుస్తకం మాటే ఎత్తకుండా ఒకే ప్రశ్న వేసింది. "ఈ తివాచీని చూస్తే నీకేం గుర్తొస్తుంది?"

అప్పటి కెప్టెన్ డ్రాగో పెత్రిక్ పకపకా నవ్వాడు. "తివాచీ అంటావేంటి తల్లీ, పెనం అను! పడ్డామా, మోకాలి తోలు దానికే అంటుకుపోయేది." చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి మచ్చలు చూపించాడు.

"వారం దాకా దుప్పటి తగిలినా భగ్గుమనేది," అన్నాడు డిఫెండర్ కార్ల్ లిండ్‌మన్. "మా ఆవిడ మందు రాస్తూ ఒకటే తిట్లు."

మూడోవాడు వాల్ట్ హెండ్రీ. ఇరవై ఏడో నంబరు జెర్సీ అతని పొట్ట మీద బిగుసుకుపోయి ఉంది. రెండో సీజన్ చివర్లో కొంచెంసేపు ఆడానన్నాడు. తివాచీ అనగానే అతని మొహం వెలిగింది. "చలండీ బాబూ! వేళ్లు కొంకర్లు పోయేవి. అందులోనూ ఆ పదిహేడో ముక్క, ఎంత లాగినా అంచు లేచి కూర్చునేది."

"ఇతను మీతో ఆడాడా?" అని ఆగ్నెస్ తర్వాత డ్రాగోని అడిగింది.

"మొహం బాగా తెలుసు. చివర్లో వారానికో కొత్తవాడు దిగేవాడు, అందర్నీ ఎక్కడ గుర్తుపెట్టుకుంటాం?"

డ్వేన్ అన్నీ రాసుకున్నాడు గానీ ఒక్క ముక్కా తలకెక్కలేదు. ఆగ్నెస్ మాత్రం అందరినీ ఆ గదిలోకి పిలవమంది.

"పుస్తకం ఈ గది దాటలేదు," అంది అందరూ చేరాక. "ఆ చుట్టలో ఉంది. అంత బరువైన ముక్కని ఒక్కడే, కేకు కోసేలోగా, అంచులు తేడా రాకుండా చుట్టాలంటే అది చెయ్యి తిరిగినవాడి పని. దీని మీద ఆడినవాళ్లకి మంట గుర్తుంది. ఒక్కరికి మాత్రం చలి గుర్తుంది. తివాచీలో చలెక్కడిది? దాని కింద మంచుగడ్డలో ఉంది. అది తగిలేది పరిచేవాళ్ల చేతులకే. ముక్కల నంబర్లు తెలిసేదీ వాళ్లకే. వాల్ట్, నువ్వు ఆడలేదు. తివాచీ పరిచావు."

వాల్ట్ జెర్సీ అంచు కిందికి లాక్కున్నాడు.

"మా ఆవిడ దగ్గర ఓసారి గొప్పకి పోయాను," అన్నాడు చివరికి. "తర్వాత కాదనలేకపోయా. ఇప్పుడావిడా లేదు. చర్చిలో, మంగలి షాపులో నన్ను 'ఇరవై ఏడూ' అనే పిలుస్తారు. ఆ పిలుపు కూడా పోతే నన్ను పలకరించేవాడుండడు. పుస్తకం అద్దాల్లోకెళ్తే అందులో నా పేరు లేదని ఊరంతా చదువుతుంది. జ్ఞాపకానికని తివాచీ అడిగి పట్టుకుపోదామనుకున్నా."

అతను చుట్టని నేల మీద పడుకోబెట్టి ఒక్క తోపు తోశాడు. తివాచీ గది పొడుగునా పరుచుకుంది. పుస్తకం బయటపడింది.

వాండా దాన్ని గుండెలకి అదుముకుంది. "తెరిచి చూశావా?"

"లేదమ్మా. ధైర్యం చాల్లేదు."

ఆమె చివరి మ్యాచ్ పేజీ తీసి అతని ముందు పెట్టింది. ఆటగాళ్ల పేర్ల కింద, అదే సిరాతో, 'తివాచీ పరిచినవాళ్లు' అని ఉంది. మొదటి పేరు వాల్ట్ హెండ్రీ.

"ఊళ్లో జరిగిన ప్రతి మ్యాచ్‌కీ రాశాను," అంది. "నలభై ఆరుసార్లు ఉంది నీ పేరు. డ్రాగోది ముప్ఫయ్యే."

"ఓహో, నాకంటే సీనియర్‌వన్నమాట!" అన్నాడు డ్రాగో. ఆ మాటకి వాల్ట్ నవ్వలేదు. పేజీలు వెనక్కి తిప్పుతూ తన పేరు వెతుక్కుంటున్నాడు.

"మిగతా తివాచీ వాళ్లు ఎవరూ రాలేదేం?" అన్నాడు కాసేపటికి.

వాండా మొహం వాడిపోయింది. "పిలవలేదయ్యా. నువ్వు కూడా పేపర్లో చూసే వచ్చుంటావు. పేర్లన్నీ రాసుకున్న నాకే పిలవాలని తోచలేదు."

ఆ మాట డ్వేన్‌కి కూడా తగిలింది. అతన్నీ ఎవరూ ఎక్కడికీ పిలవరు.

వాండా చివరి ఖాళీ పేజీ తీసి, సంచిలోంచి కలం పైకి తీసింది. "ఇవాళ్టి తేదీ వెయ్యి. తివాచీ చుట్టిందెవరో, పరిచిందెవరో రాయి."

వాల్ట్ కలం అందుకున్నాడు. పేరు రాయడానికి అతనికి చాలాసేపు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు.