అజీజున్నీసా ఎత్తిన చేయి

మూడు రోజులుగా ఆ ఇంట్లో తల్లీకూతుళ్ల మధ్య మాట లేదు! శాలిబండలో ఆడవాళ్ల లక్క గాజుల సంఘాన్ని ఇరవై ఏళ్ల కింద మొదలుపెట్టింది అజీజున్నీసా. మోకాళ్లు మొరాయించి ఆమె తప్పుకున్నాక, సంఘం అధ్యక్షురాలిగా ఎన్నుకున్నది ఆమె కూతురు నుజహత్‌నే. తల్లి కమిటీలో మామూలు సభ్యురాలు. కానీ పెత్తనం రక్తంలో కలిసిపోయాక, దిగమంటే దిగుతుందా...!

రోజూ పొద్దున్నే కార్ఖానాకు పోయి మేనేజరు ఫర్హీన్‌కు పని పురమాయించేది. లాడ్ బజార్ దుకాణదారు ఒకాయన బతిమాలాడని, కమిటీ ఒప్పుకున్న పెళ్లి గాజులు పక్కన పెట్టించి, ఆయనవి ముందు చేయించింది. పెద్దావిడ మాట ఫర్హీన్ కాదనలేకపోయింది. చివరికేమైంది? మెహందీ రోజున పెళ్లికూతురు బోసి చేతులతో కూర్చుంది! పెళ్లివారు వచ్చి నడివీధిలో నుజహత్‌ను నానా మాటలూ అనిపోయారు. ఇద్దరి హుకుం మధ్య నలగలేనని ఫర్హీన్ పని మానేస్తానంది.

ఆదివారం కమిటీ కూర్చుంది. తల్లి ముఖం చూడకుండా నుజహత్ తీర్మానం చదివింది. మేనేజరుకు పని చెప్పేది కమిటీ. అందరూ కలిసి ఒప్పుకున్న మాటనే అధ్యక్షురాలు చెప్పాలి. విడిగా ఏ సభ్యురాలూ, అధ్యక్షురాలైనా సరే, హుకుం వేయకూడదు. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమంది.

ఒక్క చేయీ లేవలేదు. వాళ్లందరికీ పని నేర్పింది, వాళ్లు పిన్నిలా చూసుకుని ఖాలా అని పిలిచే అజీజున్నీసాయే మరి!

"ఖాలా ముంగట మా చేతులెట్ల లేస్తయి?" అంది లీలమ్మ. "ఇడిసెయ్ బిడ్డా, పెద్దమనిషి."

నుజహత్ తీర్మానం కాగితం మీదకు తల వంచింది. ఇంతమంది మధ్య కూతురు ఎంత ఒంటరిదో తల్లికి అప్పుడు కనిపించింది... ఇరవై ఏళ్లు తానూ ఆ కుర్చీలో అట్లాగే కూర్చుంది. ఎవరికి చెప్పుకుంది గనక!

లక్క కాల్చిన మచ్చలున్న తన చేతిని అజీజున్నీసా మెల్లగా పైకెత్తింది.

"తప్పు నాది. నా మొహం చూడకుండ్రి, ఎత్తుండ్రి."

అప్పుడు ఒక్కొక్క చేయీ లేచింది. ఫర్హీన్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇంటికొచ్చాక నుజహత్ తల్లి పక్కన కూలబడి, "నా మీద గుస్సానా అమ్మీ?" అంది.

"గుస్సా ఏంది బేటీ... నువ్వు చేసింది సహీ. రేపు పొద్దుగాల యాడికి పోవాల్నో నాకు తెలుస్తలేదు, గంతే."

కూతురు ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. తల్లి ఏడవలేదు.

మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ బుర్ఖా తొడుక్కుని గడప దాకా వచ్చి ఆగిపోయింది. విప్పి, మడిచి, అక్కడే కూర్చుంది. కార్ఖానాకు పోయే ఆడవాళ్లు ఒక్కొక్కరే సలాం చేసి సాగిపోయారు. ఇవాళ ఏం చేయాలని ఎవరూ అడగలేదు...