చెప్పని మాటను పట్టే పట్టీ

"వాదన చదువుతున్నాను, వినమ్మా. కాలువలు పూడిపోయిన వీధుల్లోనే నీళ్లు నిలిచాయి. కాబట్టి పూడిక తీస్తే ఊరు మునగదు."

డాక్టర్ నస్రీన్ ఆపగానే పైడితల్లి నుదుటి మీది పట్టీ సన్నగా అదిరింది. స్క్రీన్ మీద ఒక వాక్యం పడింది: నీళ్లు నిలవడానికి వేరే కారణం లేదు.

ఎదుటివాళ్లు చెప్పకుండా వదిలేసిన మాటను మన మెదడు తనంతట తానే పూరించుకుని సాగిపోతుంది. విశాఖ ల్యాబ్‌లో తయారైన ఆ పట్టీ సరిగ్గా ఆ క్షణాన్ని పట్టుకుంటుంది. లా ఎంట్రన్స్‌లో అందరినీ తికమకపెట్టే, వాదనలో చెప్పని ఊహను కనిపెట్టమనే అజంప్షన్ ప్రశ్నల కోసం దాన్ని పైడితల్లి మీద పరీక్షిస్తున్నారు.

"ఇప్పుడా మాటని తిరగెయ్యి. వాదన కూలిపోయిందా? అయితే అదే జవాబు," అంది నస్రీన్.

పైడితల్లి సిటీ బస్సు కండక్టరు. గోడౌన్ తగలబెట్టి వాచ్‌మన్ చావుకు కారణమయ్యాడని తమ్ముడు సింహాచలానికి ఆరేళ్ల కిందట యావజ్జీవం పడింది. తనే లాయరై ఆ కేసు తిరగదోడాలని రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ తప్పింది.

నాలుగు నెలల్లో పట్టీతో పనే లేకపోయింది; ఎవరేం వాదించినా చెప్పని మాట దానంతటదే తట్టేది. మూడోసారి సీటొచ్చింది.

ఆ కబురు చెప్పడానికి వెళితే నస్రీన్ అడిగింది, "ఇంతకీ లాయరెందుకు కావాలనుకున్నావు?"

"మా తమ్ముడి తరఫున ఎవరూ సరిగా వాదించలేదండి. నేను వాదిస్తే బయటికొస్తాడు."

అంటూనే ఆగిపోయింది. పట్టీ లేకపోయినా, తను చెప్పని మాట కళ్లముందు నిలిచింది: వాడు ఆ పని చెయ్యలేదు.

వద్దనుకుంటూనే తిరగేసింది. వాడే చేసుంటే? వాదన కూలిపోయింది.

"దీన్ని ఆపడం ఎలాగండి, డాక్టరు గారూ?"

నస్రీన్ తల దించుకుంది. "ఆపడం గురించి మేం ఆలోచించలేదమ్మా."

ఆదివారం జైల్లో ములాఖత్‌కి వెళితే ఇనుప జాలీకి అవతల సింహాచలం నవ్వుతూ కూర్చున్నాడు. "సీటొచ్చిందటగా అప్పా!"

"అది నువ్వే చేసావేట్రా?"

అతని నవ్వు ఆరిపోయింది.

"పోలీసులు అడిగారు. జడ్జి అడిగాడు. అమ్మ కూడా అడిగింది. నువ్వొక్కదానివే అడగలేదప్పా. అందుకే బతికున్నాను."

"లేదని చెప్పరా. నమ్ముతాను."

"ఇంకేటి నమ్ముతావులే," అని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏ ఆదివారమూ అతను ములాఖత్‌కి రాలేదు. మూడేళ్లకి పైడితల్లి క్లాసులో అందరికంటే పైన నిలిచి లాయరైంది. తమ్ముడి తరఫున వాదించడానికి అతని సంతకం కోసం జైలుకి పంపిన ఆమె మొదటి వకాలత్నామా సంతకం లేకుండా తిరిగొచ్చింది.