హెచ్చరిక ఎవరికి చెప్పాలి?

2068 నాటికి కాకినాడ జనానికి జన్యుపరీక్ష అంటే బరువు చూసుకోవడమంత మామూలైపోయింది. వీధికో జన్యుదర్శిని గది ఉండేది. గాజుపలక మీద ఉమ్మి చుక్క వేస్తే చాలు, నాలుగు నిమిషాల్లో యంత్రం ఆ మనిషి జన్యుపటాన్ని, అంటే జీనోమ్‌ని, మొత్తం చదివేసి, రాబోయే జబ్బుల గురించి చక్కటి తెలుగులో చెప్పేది.

ఆ యంత్రానికి సాఫ్ట్‌వేర్ రాసే బృందాన్ని ఇరవై ఆరేళ్లుగా నడిపిస్తున్నది వకుళ. మూడు వందల కోట్ల డీఎన్ఏ అక్షరాల్లో తేడా ఉన్న ఒక్క అక్షరాన్ని పట్టుకునే ప్రోగ్రాంలు ఆవిడ చేతుల మీదుగా ఎదిగాయి. అయినా ఈ గదుల పథకం నడిపే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది: ఏడాదిలో ప్రయోజనం కనిపించకపోతే గదులు మూసేస్తాం.

"మన విశ్లేషణలో తప్పుందా, రాజుగారూ?" అని గణాంకాలు చూసే రత్నరాజుని అడిగింది.

"తప్పేం లేదండీ. గుండెజబ్బు వస్తుందని చెప్పినవాళ్లలో మందు మొదలెట్టింది వందకి తొమ్మండుగురే. మిగతావాళ్లు బుద్ధిగా విని, తలూపి, బజ్జీల బండి దగ్గరికి పోతున్నారు."

మర్నాడు వకుళ జగన్నాథపురం గదికి వెళ్లి ఓ మూల కూర్చుంది. వలలు బాగుచేసే పోలమ్మ పరీక్షకు వచ్చింది. గుండె రక్తనాళాలు పూడుకుపోయే లోపం ఉందని యంత్రం చెబితే, "ఇప్పుడేం కాలేదు గదా" అంటూ లేచింది.

"ఈ లోపం మీ తోడబుట్టినవాళ్లకూ ఉండవచ్చు" అంది యంత్రం.

పోలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "మా చెల్లికా? దానికిద్దరు చంటిపిల్లలమ్మా!"

గంట తిరక్కుండా చెల్లెల్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

వకుళ నేరుగా ఆఫీసుకు వెళ్లి బృందాన్ని పిలిచింది. "తనకు జబ్బంటే మనిషి కదలడం లేదు. తనవాళ్లకని చెబితే పరుగెడుతున్నాడు. హెచ్చరిక చెప్పాల్సిన మనిషిని మారుద్దాం."

అయిదు వారాల్లో కొత్త ప్రోగ్రాం తయారైంది. దానికి 'తోడుచూపు' అని పేరు పెట్టారు. పరీక్షకు వచ్చినవాళ్లు ఇష్టపడి ఒకరి పేరు రాస్తే, ఫలితం ఆ మనిషికి కూడా చేరుతుంది. ఇక ఆ తమ్ముళ్లూ, వదినలూ, మేనత్తలూ ఊరుకుంటారా! ఏడాది తిరిగేసరికి మందు మొదలెట్టినవాళ్లు వందకి అరవై నాలుగు. గదులు మూయడం లేదని కబురొచ్చింది.

ఆ సాయంత్రం అందరూ కాజాలు పంచుకుంటుండగా వకుళ తమ్ముడు నీలాద్రి ఫోన్ చేశాడు.

"అక్కా, నీ గుండె సంగతి నీకు ఎనిమిదేళ్ల కిందటే తెలుసట! ఇంతవరకూ డాక్టరుకి చూపించుకోలేదా?"

వకుళకి అప్పుడు గుర్తొచ్చింది. కిందటి వారం తోడుచూపులో చేసిన ఓ మార్పుని సరిచూడ్డానికి తన పాత ఫలితాన్నే నమూనాగా ఎక్కించి, తోడుగా తమ్ముడి పేరు రాసింది. తర్వాత తీసేయడం మరిచిపోయింది.

"పని ఒత్తిడిలో పడి..." అని నసిగింది.

"నాకేం చెప్పకు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి డాక్టరు దగ్గర పేరు రాయించాను. రాత్రికి మీ ఇంటికొస్తున్నా."

ఆవిడకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమర్చాయి. "సరేలేరా. ఏం వండమంటావు?"

"ఏదైనా సరే. ఉప్పు మాత్రం నేనొచ్చాక, నేనే వేస్తాను."