ఆపరేషన్ పలక

పులివెందులలో ఒక లాడ్జి గది. ఉదయం ఎనిమిదింటికి చీఫ్ ఒక ఫొటో టేబుల్ మీద పడేశాడు.

"గౌస్ మొహిద్దీన్. ప్రొద్దుటూరు. రిటైర్డ్ లెక్కల మాస్టారు. ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు నడిపే 'పలక' సాఫ్ట్‌వేర్ ఆయన రాసిందే. ఓపెన్ సోర్స్. కోడ్ అంతా బయటే ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. అందులో ఒక విదేశీ ముఠా దొంగముక్క దూర్చింది. పది గంటలకు జమ్మలమడుగులో పరీక్ష తెరుచుకోగానే పిల్లల ముఖాలు, ఆధార్ నంబర్లు వాళ్ల సర్వర్‌కు పోతాయి. రేపు ఆ పిల్లల పేరున దొంగ సిమ్ములు, దొంగ ఖాతాలు."

"ఎవరైనా చదవొచ్చన్నారు. ఎవరూ చదవలేదా సార్?" అన్నాడు ఏజెంట్ ఈశ్వర్.

"ఎవరికుంది తీరిక? మాస్టారి డిజిటల్ కీ పడితేనే అది పోతుంది. పరీక్ష ఆపితే ముఠా జారుకుంటుంది. బయల్దేరు."

ఊరికే దొరికిందంటే చాలు, దాని వెనక ఒక మనిషి ఉన్నాడన్న సంగతే మనవాళ్లకు గుర్తుండదు.

కూలర్ మెకానిక్ వేషంలో ఈశ్వర్ ప్రొద్దుటూరులో మాస్టారి ఇల్లు చేరేసరికి పది కావస్తోంది. మాస్టారి పక్కన, పట్టుచీరలో ధగధగలాడుతూ లహరి కూర్చుని ఉంది. నిన్నటిదాకా ఈశ్వర్ డిపార్ట్‌మెంట్ మనిషే.

"నీళ్లు పోశారా మేడం?" పాత కోడ్ వర్డ్ అది.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. ఈశ్వర్ స్క్రూడ్రైవర్ మీట నొక్కాడు. మత్తుసూది తగిలి లహరి కుర్చీలోనే వాలిపోయింది.

"ఏందప్పా ఇది? ఆ బిడ్డను ఏం చేస్తివి?" అన్నాడు మాస్టారు.

"మీ కీతో దొంగముక్క పెట్టింది ఈమే సార్. తీసేయండి. టైం లేదు."

మాస్టారు కంప్యూటర్ ముందుకు జరిగాడు.

"కీ నేనే ఇచ్చినా. కండ్లు కనపడక పాయె. ఏది చేర్చినా ఇంకొకరు చదివి ఒప్పుకోవాల, అదీ మా పద్ధతి. సాయానికి రమ్మని అందరినీ అడిగినా. ఈమె తప్ప ఎవరూ రాలే. శానా ఏండ్లుగా చేస్తాండా. లాగిన్ కాలేదని తిట్టేటోళ్లే గానీ, బాగుందని ఒక్క నాకొడుకూ అనలే. ఈ పిల్ల ఒక్కతే దినామూ థ్యాంక్స్ సార్ అని రాస్తాండె."

ఆ మాటంటూనే స్క్రీన్‌కు ముక్కు ఆనించి కీ కొట్టాడు. పరీక్ష తెరుచుకోవడానికి ఒక్క సెకను ముందు దొంగముక్క తుడిచిపెట్టుకుపోయింది. జమ్మలమడుగు పిల్లలు మొదటి ప్రశ్న చదువుకుంటున్నారు.

చీఫ్ ఫోన్. "శభాష్ ఈశ్వర్. కీ ఎందుకిచ్చాడో ఆ ముసలాయన మీద ఎంక్వైరీ వేయాలి."

"థ్యాంక్స్ చెప్పొద్దా సార్?"

లైన్ కట్టయింది. ఆ ముక్క చెప్పే అలవాటున్న ఒకే ఒక్క మనిషికి ఈశ్వర్ అప్పటికే సంకెళ్లు వేసేశాడు.